ఏడో చుట్టులో పోయిన మర

1956 అక్టోబరు 2, మంగళవారం

వరదయ్య ఒప్పుకున్నాడు.

ఇంకోసారి రాసుకుంటాను. వరదయ్య ఒప్పుకున్నాడు. మదరాసు కొత్వాల్ చావడి వీధి మొగలో నేను నిలబడి వాక్యం చెప్పిన ప్రతి సాయంత్రమూ మిరపకాయల మండీ అరుగు మీద కూర్చుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, "ఇంకా గట్టిగా అరవవయ్యా, మీ దేవుడికి చెవుడు" అనే వరదయ్య. మండీ లెక్కలు రాసే మనిషి. నేనొక మాట అంటే తాను నాలుగు శ్లోకాలు అప్పజెప్పేవాడు. వాన పడితే నా నెత్తిన గొడుగు పట్టి మరీ నన్ను తిట్టేవాడు.

ఇప్పుడు గుండెకు నీరు చేరి, కాళ్ళు వాచి, సూళ్ళూరుపేటలో చెల్లెలింట్లో పడి ఉన్నాడు. మేనల్లుడు మునిరాజు వచ్చి చెప్పిపోయాడు.

"ఆ అరిచే మనిషిని రమ్మన్నాడయ్యా మా మామ. ఓడిపోయినానని చెప్పమన్నాడు. నీళ్ళలో ముంచేదేదో వచ్చి ముంచేసి పొమ్మన్నాడు. ఆలస్యం చేస్తే తాను ఉండడంట."

ప్రభువా! కాళంగి ఏరు. గట్టు మీద ఊరు ఊరంతా. బండి నెత్తిన లౌడ్‌స్పీకరు. నీ నామం కోసమే, నా కోసం కాదు.

మా సంఘం మోటారు బండి ఇంజను మూత, హెడ్డు, విప్పి పెట్టి ఉంది. పోయిన వారం రెడ్‌హిల్స్ నుంచి వస్తూ దాని కింది గాస్కెట్టు కాలిపోయి నీళ్ళు కక్కింది. కొత్త గాస్కెట్టు వేసి బిగించడం ఒక పూట పని. శుక్రవారం బయలుదేరతాం.

అక్టోబరు 4, గురువారం

సాతాను ఇంజనులో కూడా కాపురం ఉంటాడు.

హార్బరు లారీ డ్యూటీ దిగి తిన్నగా మా సంఘం కూడుకునే షెడ్డుకే వచ్చాను, బండి ఉండేదీ అక్కడే. గాస్కెట్టు పరిచి, హెడ్డు దించి, బోల్టులు వేశాను. అన్నీ చుట్టూరా వరసగా నిలబడి ఉంటే, ఏడు చుట్లు తిరిగి కేక వేస్తే కూలిన యెరికో పట్టణపు గోడే కళ్ళ ముందు కనబడింది. అది ఆత్మ నడిపింపేనని అప్పుడనుకున్నాను, ఇప్పుడూ కాదనను. ఒక మూల మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ బిగించాను. ఆరు చుట్లు నోరు మెదపలేదు. ఏడో చుట్టుకు స్పానరుకు ఇనుప గొట్టం తగిలించి, బోల్టుకొక కేక వేస్తూ వచ్చాను. మా సంఘంలో డోలు వాయించే చిన్నప్ప కూడా గొంతు కలిపాడు.

నడిమి బోల్టు దగ్గర చేతికి తెలిసిపోయింది. బిగుసుకుంటూ బిగుసుకుంటూ వచ్చి ఒక్కసారిగా వదులైపోయింది, పెరుగులో గరిట తిప్పినట్టు. పైకి లాగితే బోల్టు వచ్చింది. దాన్ని చుట్టుకుని, సన్నని తీగ చుట్టలాగా, ఇంజను బ్లాకులో ఉండాల్సిన మర గాడి కూడా వచ్చింది. ఇక ఆ రంధ్రం గోడలు నున్నన. బోల్టును పట్టేది ఏమీ లేదు.

చిన్నప్ప తొంగి చూశాడు. "అన్నా, గోడ పడిపోయింది" అన్నాడు.

వాడిని ఇంటికి పొమ్మన్నాను.

అక్టోబరు 5, శుక్రవారం

మారిముత్తు టీ కొట్టు ముందు నేల మీద సిగరెట్టు పెట్టెల వెండి కాగితాలు ఏరాను. "ఏమి ఉపదేశీ, పొగ మొదలు పెట్టినావా?" అన్నాడు మారిముత్తు, అందరికీ వినబడేలా. ఆ కాగితం బోల్టుకు చుట్టి బిగించాను. పట్టింది. పట్టింది అనుకున్నాను. ఇంజను తిప్పగానే హెడ్డు కిందినుంచి నీళ్ళు బుడగలు బుడగలుగా వచ్చాయి.

ఆ పొగ తాగేవాళ్ళ చెత్తతో ప్రభువు పని సాగదు. ముందే తెలియాల్సింది.

అక్టోబరు 6, శనివారం

మా ఆవిడ ఆరోగ్యమేరితో వాదన.

కుట్టుమిషను తొక్కుతూ, తల ఎత్తకుండా అంది: "బేసిన్ బ్రిడ్జిలో గూడూరు రైలెక్కితే మద్దేన్నానికి ఆడ ఉంటావు. ఆయన ఒక్కడికి బాప్తిస్మం ఇయ్యడానికి మోటారెందుకు?"

రైలులో లౌడ్‌స్పీకరు పోదు, బ్యాటరీ పోదు, డోలు పోదు, చిన్నప్ప ఊరికే రాడు. పందొమ్మిదేళ్ళు ఎదిరించిన మనిషి ఏట్లో మునిగి లేస్తుంటే చూడకుండా ఊరు ఊరంతా ఇంట్లో కూర్చోవాలా? ఒక దీపాన్ని కుంచం కింద పెట్టడమే అది. ఇవన్నీ చెప్పాను. ఫిలిప్పు ఐతియొపీయుడైన నపుంసకునికి దారిలో, రథం ఆపి, బాప్తిస్మమిచ్చాడు గదా అని కూడా చెప్పాను.

"రథం ఫిలిప్పుది కాదుగదా," అంది. "ఫిలిప్పు నడిచే పోయినాడు."

చూశాను. బైబిల్లో పరుగెత్తి పోయాడని ఉంది. నడిచి కాదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మళ్ళీ కాసేపటికి: "కాళ్ళు వాచిన మనిషిని ఏట్లో ఎట్టా ముంచుతావు?"

మునగనిది బాప్తిస్మం కాదు. నెత్తిన నాలుగు చుక్కలు చల్లి పేరు పెట్టడం మనుషులు కనిపెట్టిన తతంగం. పందొమ్మిదేళ్ళుగా నేను చెబుతున్నది అదే. ఆమె పుట్టుకతో రోమను కతోలిక. పెళ్ళికి ముందు ఎన్నూరు దగ్గర ఏట్లో నేనే ముంచి తీశాను. ఆమె ఎదురు చెప్పలేదు, వణికింది అంతే.

అక్టోబరు 7, ఆదివారం

ప్రసంగం నిప్పులా వచ్చింది. వరదయ్య సంగతి చెప్పాను. షెడ్డు కప్పు లేచిపోయేలా ఆమేన్ అన్నారు. గురువారం బండి బయలుదేరుతుందని ప్రకటించాను.

అక్టోబరు 8, సోమవారం

పుళియంతోపులో ఇనుము తిప్పి కోసే ఆదిమూలం లేతు. వేరే గతి లేదు. వెల్డింగు వాడు బ్లాకు పగులుతుందన్నాడు, ఇంకొకడు పాత ఇనుపకొట్లో వేరే ఇంజను చూసుకోమన్నాడు.

నన్ను చూడగానే ఆదిమూలం లేతు ఆపి, చేతులు తుడుచుకుని, వీధిలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. "మైకు ఎక్కడ?" అన్నాడు.

పోయిన ఏడు ఆయుధ పూజ నాడు అతని షాపు ముందరే బండి ఆపి, ఇనుముకు బొట్టు పెట్టేవాళ్ళ గతి ఏమవుతుందో లౌడ్‌స్పీకరులో చెప్పాను. సత్యం చెప్పాను. పేరు పెట్టకుండా చెప్పి ఉండాల్సిందేమో.

"ఆ ఇనుము కాడికే వచ్చినావా ఇప్పుడు?"

"ఇనుము నీది కాదు, దేవుడిది," అన్నాను.

"అట్టయితే దేవుణ్ణే తిప్పమను లేతు," అని నవ్వి, టీ తెప్పించాడు. చేసిపెడతానన్నాడు. పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, కింద లావుగా పైన సన్నంగా ఉండే తల లేని బోల్టు, స్టడ్డు, ఒకటి తిప్పి దిగేస్తే పాత దానికన్నా గట్టిగా ఉంటుందట. పైన నట్టు బిగించుకుంటే సరి.

ఎలా పోయింది అని అడిగాడు. చెప్పాను. యెరికో సంగతి వదిలేద్దామనుకున్నాను గాని మాటల్లో వచ్చేసింది. ఆదిమూలం టీ గ్లాసు పక్కన పెట్టి కడుపు పట్టుకున్నాడు.

"హెడ్డుని ఎవురన్నా చుట్టు తిరిగి బిగిస్తారా? నడిమి నుంచి బయటికి పోవాల. అటొకటి, ఇటొకటి, కొంచెం కొంచెం. మేము గుడి చుట్టు తిరిగితే తిడతావు, నువ్వు ఇంజనుకే ప్రదక్షిణం చేసినావే, ఉపదేశీ!"

షాపులో ఉన్న వాళ్ళంతా నవ్వారు. నా ప్రభువును చూసి కూడా ఇలాగే నవ్వారు. ఓర్చుకున్నాను. పూర్తిగా ఓర్చుకోలేదు. టీ తాగకుండా వచ్చేశాను.

అక్టోబరు 10, బుధవారం

ఆదిమూలమే డ్రిల్లూ, మర కోసే ట్యాపూ పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. రంధ్రం నిలువుగా రావాలని ఒక కన్ను మూసి చూస్తూ, నన్ను మాట్లాడవద్దన్నాడు. నేను మాట్లాడటం లేదు, ప్రార్థిస్తున్నాను. "అది కూడా లోపల్నే చెయ్యి," అన్నాడు. కొత్త మర అద్దంలా వచ్చింది. స్టడ్డు సాయంత్రానికి పంపాడు. లోపలి ఇనుప రజను శుభ్రంగా ఊదేసి, కిరసనాయిలుతో కడిగి, చేత్తోనే తిప్పి దించమన్నాడు.

రేపు పొద్దున దించి, మధ్యాహ్నం బయలుదేరడం.

అక్టోబరు 11, గురువారం

ఊదాను. కడగలేదు. బయలుదేరడానికి ఆలస్యమవుతోంది, చిన్నప్ప లౌడ్‌స్పీకరు కట్టేసి కూర్చున్నాడు. సంఘం వాళ్ళు పూలదండ కూడా తెచ్చారు.

స్టడ్డు ముప్పాతిక దిగి ఆగిపోయింది. కిందంతా రజను. మళ్ళీ పైకి తీసి కడగాలి. అది నాకు తెలుసు. గొట్టం మళ్ళీ తగిలించాను.

లావూ సన్నమూ కలిసే మెట్టు దగ్గర టక్కున విరిగింది. సగం లోపల ఉండిపోయింది.

చిన్నప్ప లేచి లౌడ్‌స్పీకరు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. అదే ఎక్కువ మండింది.

అక్టోబరు 12, శుక్రవారం

మునిరాజు మళ్ళీ వచ్చాడు. మండీకి సరుకు కోసం వచ్చి, దారిలో తొంగి చూశాడు. విప్పి ఉన్న ఇంజను చూసి నిలబడిపోయాడు.

"మామ మాట్లాడేది తగ్గిపోయిందయ్యా. వాకిట్లో ఏదన్నా బండి చప్పుడైతే మటుకు, వచ్చినాడా అంటాడు."

"వస్తున్నామని చెప్పు."

"మీరు నాతో ఇప్పుడే రైల్లో రాకూడదా అయ్యా?"

ఈ బండి సంఘం కన్నీళ్ళతో వచ్చిన బండి. దాన్ని షెడ్డులో విప్పి పడేసి ఎలా పోతాను? విరిగిన ముక్క లోపల ఉంది. ఇది సాతాను అడ్డుకోవడమైతే, వాడికి లొంగి రైలెక్కడమేనా విశ్వాసం? మునిరాజుకు ఇవన్నీ చెప్పాను. తలూపాడు. వయసులో చిన్నవాడు, అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఆదిమూలం వచ్చి ఆ ముక్కకు నడిమిన బెజ్జం వేసి, నలుపలకల ఇనుప మేకు దిగ్గొట్టి, తిప్పి తీశాడు. దాంతో పాటు కొత్త మరలో రెండు మూడు చుట్లు చెదిరాయి. ఇంకా లావు స్టడ్డు కావాలి. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నీకు చేతుల్లో ఉండేది బలమా, కోపమా?" అని అడిగాడు.

ఈ సాయంత్రమే తిప్పిపెట్టమన్నాను.

"సాయంత్రం లేతు కడగాల. రేపు పూజ. ఎల్లుండి దసిమి."

"ఒక మనిషి ప్రాణం పోతా ఉంది ఆదిమూలం."

"లేతుకి ఏడాదికి ఒక్క దినమే సెలవు. నాకు అన్నం పెట్టేది అది. దాన్ని ఆ ఒక్క దినమూ నిలబెట్టి దండం పెట్టుకోకుంటే నేనేం మనిషిని?"

చెవిటి ఇనుము ముందు చెవిటి మనిషి. ఏలీయా ప్రవక్త విగ్రహ పూజారులను వేళాకోళం చేశాడు గదా, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో అని. నాకు ఆ మాట నోటిదాకా వచ్చింది. పని చేసిపెట్టే వాడే అని మింగేశాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

అక్టోబరు 13, శనివారం

మదరాసులో ఒక్క లేతు తిరగటం లేదు.

సైకిలు వేసుకుని పొద్దున నుంచి తిరిగాను. పటాళం, చూలై, మింటు వీధి, మౌంటు రోడ్డు దాకా. ఎక్కడ చూసినా చింతపండుతో తోమిన యంత్రాలు, గంధం బొట్లు, అరటి పిలకలు. పట్టకార్లకు కూడా బొట్టు. లారీలకు దండలు. మా హార్బరు లారీకి కూడా, నేను రాకముందే దండ వేసేశారు. తెంపబోతే ఫోర్మను వద్దన్నాడు.

చూలై మూల మీద దిష్టికి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ మీద చక్రం జారి పడ్డాను. మోకాలు చీరుకుంది. ఎవరో ముసలాయన లేవదీసి, కాగితం పొట్లంలో బొరుగులూ బెల్లమూ చేతిలో పెట్టాడు. విగ్రహాలకు పెట్టినది తినను అన్నాను. "సరి, ఆకలయినప్పుడు తిను," అని తమిళంలో అని వెళ్ళిపోయాడు. ఉపవాసం కూడా కాదు ఈవేళ. ఆకలిగానే ఉంది.

మందమతులారా! మనిషి చస్తుంటే యంత్రానికి విశ్రాంతా?

అక్టోబరు 14, ఆదివారం

ఉదయం ఆరాధన నడుస్తుండగా ఆదిమూలం వచ్చాడు. నుదుటి నిండా కుంకుమ. చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాడు, పాట అయ్యేదాకా.

"ఇయ్యాళ దసిమి, ఉపదేశీ. లేతు మీద మొదట ఏ పని ఎత్తుకుంటే అది ఏడాదంతా నిలస్తాదని మా నమ్మిక. నీ స్టడ్డు మొదట తిప్పుదామని వచ్చినా. కొత్త ట్యాపు తెచ్చినా. పద, రంధ్రం మళ్ళీ కోసి కొలత తీసుకుందాం. సాయంత్రానికి బండి నిలబెడతా."

సంఘమంతా నా వైపు చూస్తోంది. ఆదివారం ఇనుము ముట్టనని, ముట్టినవాణ్ణి సంఘంలో ఉంచనని ఇదే చోట నిలబడి ఎన్నిసార్లు చెప్పాను! పోయిన ఏడు కిష్ణాంపేట కృష్ణస్వామి ఆదివారం రిక్షా తొక్కాడని వెలివేశాను.

"ఇది ప్రభువు దినం. రేపు చూద్దాం," అన్నాను.

ఆదిమూలం కొత్త ట్యాపును గుడ్డలో చుట్టుకున్నాడు. "నిన్న నాది, ఇయ్యాళ నీది," అన్నాడు. "మద్దెన ఆ ముసలాయన." చెప్పులు వేసుకుని పోయాడు.

ఇంట్లో ఆరోగ్యమేరి అన్నం వడ్డించకుండా ఎదురుగా నిలబడింది.

"గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినాన పైకి తియ్యొచ్చని చెప్తావు గదా?"

"అది ఎద్దు," అన్నాను.

"ఇది మనిషి."

జవాబు ఉంది. ఉండాలి. లూకాలో ఆ చోటే తీసి కూర్చున్నాను, అక్షరాలు కనబడుతున్నాయి గాని చదువుకు రావటం లేదు.

సంచీలో చీర, దువ్వెన పెట్టుకుంది. చిన్నప్ప చెల్లెలు లూర్దుమేరిని తోడుకు పిలిచింది. "నేను పోయి ఆయన కాడ కూర్చుంటా. నువ్వు నీ రథం తీసుకుని రా." సాయంత్రం రైలుకు వెళ్ళింది.

చూసి రావడానికి వెళ్ళింది. మంచిదే. వస్తున్నానని ఆయనకు ధైర్యం చెబుతుంది.

అక్టోబరు 15, సోమవారం

పొద్దున రంధ్రం కోశాడు, మధ్యాహ్నం స్టడ్డు వచ్చింది. కిరసనాయిలుతో కడిగాను. గుడ్డతో తుడిచాను. మళ్ళీ కడిగాను. మర సందుల్లోంచి నీళ్ళు కారకుండా తెల్లటి సపేదా ముద్ద రాసి, చేత్తో తిప్పితే కిందిదాకా దానంతట అది దిగింది. హెడ్డు వేసి, నడిమి నుంచి బయటికి, అటొకటి, ఇటొకటి. గొట్టం ముట్టలేదు. ఆదిమూలం దూరంగా కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు.

ఇంజను అందుకుంది. ఒక్క చుక్క నీరు లేదు. హల్లెలూయా అని స్టీరింగు మీద తల ఆనించాను. అలసట.

రేపు తెల్లవారగానే.

అక్టోబరు 17, బుధవారం

నిన్న జరిగింది రాయాలి.

సూళ్ళూరుపేట చేరేసరికి పదకొండు. దారి పొడుగునా బండి గుర్రంలా పరుగెత్తింది. ఊరి మొదట్లో చిన్నప్ప డోలు అందుకుని, మైకు పెట్టేదా అని అడిగాడు. పెట్టు అన్నాను. నేనే పాట ఎత్తుకున్నాను. మేము పాడుతూనే ఆ వీధిలోకి తిరిగాం.

వాకిట్లో జనం. వెదురు పాడె. ఒక పక్కన కుండలో నిప్పు రాజేసి ఉంది.

మైకు ఎవరు ఆపారో తెలియదు.

అరుగు మీద ఆరోగ్యమేరి కూర్చుని ఉంది. లేవలేదు. "తెల్లారుజామున పోయినాడు," అంది. "నిన్న పొద్దు గూకేటప్పుడు ఎగశ్వాస పట్టింది. 'ఆయన రాలేడా తల్లీ' అన్నాడు. రేపు వస్తాడన్నా. 'రేపు నాది కాదు' అన్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన మూడుసార్లు పోసినా. చెప్పాల్సింది చెప్పి పోసినా."

"చెంబు నీళ్ళా?" అన్నాను. ఆ చోట, ఆ సమయంలో, నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

"చావు కాడ ఎవురైనా నీళ్ళు పోసి బాప్తిస్మం ఇయ్యొచ్చని చిన్నప్పుడు మా గుళ్ళో సాములోరు నేర్పించినాడు. నువ్వు నన్ను ఏట్లో ముంచినావు గానీ, అది కొట్టుకుపోలేదు." కళ్ళు తుడుచుకుంది. "పోసినాక నవ్వినాడు. 'ఇంతేనా? దీనికా ఇన్నేళ్ళు అట్లా అరిచినాడు?' అన్నాడు."

లోపలికి పోయాను. మొహం చిన్నదైపోయింది. ఏదో వాదన మధ్యలో కళ్ళు మూసుకున్నట్టు ఉన్నాడు. జవాబు నా దగ్గరే ఉందన్నట్టు.

చెల్లెలు సీతాలక్ష్మమ్మ వచ్చింది. ముసలామె. నాకు చేతులు జోడించింది. వెనకాల మునిరాజు, అతని వెనక ఇంటి పెద్దలు.

"మా అన్న ఒక మాట చెప్పి పోయినాడయ్యా. ఆ నీళ్ళు చెల్లుతాయో లేదో నాకు తెలవదు, ఆయన్నే అడగండి అన్నాడు. ఆయన అయిందంటే పూడ్చండి, కాలేదంటే మన పద్ధతిలో కాల్చండి, మీలో మీరు పోట్లాడుకోవద్దు అన్నాడు. మీ మాటకోసమే నిప్పు పెట్టుకుని కాచుకోనుండాం. చెప్పండి. అయిందా, కాలేదా?"

కాలేదు. పందొమ్మిదేళ్ళుగా నేను చెప్పిన ప్రతి మాటా కాలేదనే చెబుతుంది. మునగనిది బాప్తిస్మం కాదు. ఆడది ఇచ్చినది కాదు. చెంబుతో పోసినది కాదు. ఈ వచనాలన్నీ నాకు కంఠతా వచ్చు, వరుసగా నాలుక మీదకు వచ్చాయి. కాళంగి ఏరు అక్కడికి రెండు వీధుల దూరం. మునిరాజు మొదట వచ్చి చెప్పిన రోజే నేను రైలెక్కి ఉంటే మంచం మీద మోసుకుపోయి అయినా ముంచి ఉండేవాణ్ణి. ఆదివారం ఇనుము ముట్టి ఉన్నా సోమవారం పొద్దున్నే చేరేవాణ్ణి.

అందరూ చూస్తున్నారు. కుండలో నిప్పు చిటపటలాడుతోంది. ఆరోగ్యమేరి మాత్రం నా వైపు చూడలేదు, చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చిన్నప్ప నా చెవి దగ్గరికి వచ్చి, "మైకు కావాలా అన్నా?" అన్నాడు. ఏదో చెప్పడానికి నాకు ఎప్పుడూ అది కావాలి గదా, పాపం అలవాటు.

వద్దన్నాను.

తర్వాత చెప్పాను. నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే పక్కనే ఉన్న సీతాలక్ష్మమ్మకే వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారయ్యా?" అని మళ్ళీ అడిగింది.

"అయిందమ్మా," అన్నాను. "పూడ్చండి."